ఆ ఎనిమిది రహస్యాలు నమ్మి మీ రైళ్లను సీల్ చేయకండి

ఈ నెలలో అయిదోసారి వచ్చింది అదే మెసేజ్. ఈసారి పంపింది నాకు ఈ రైళ్ల పిచ్చి అంటించిన స్నేహితుడే. "మోడల్ రైళ్లకు ఇంట్లోనే మ్యూజియం షెల్ఫ్: ఎనిమిది రహస్యాలు" అని పైన పెద్ద అక్షరాలు, కింద మెరిసిపోతున్న గాజు పెట్టె ఫొటో, చివర "తోటి రైలు ప్రేమికులందరికీ పంపండి" అని దండాలు.

చదవనివాళ్ల కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెబుతాను. షెల్ఫును గోడకు డబుల్ సైడ్ టేపుతో అంటించండి. పుస్తకాల అరంత లోతు పెట్టి మూడు వరసలు పేర్చండి. నాలుగడుగుల పలకకు మధ్యలో ఆనిక అక్కర్లేదు. అడుగున మెత్తటి ప్లాస్టిక్ షీటు పరవండి. పట్టాలు వద్దు, చెక్కలో గాడులు చాలు. తేలిక వ్యాగన్లలో సీసపు గుళ్లు పోసి తెల్ల జిగురుతో బిగించండి. అంచులన్నీ సిలికోన్‌తో గాలి చొరకుండా మూసేసి, లోపల ఒక సిలికా జెల్ ప్యాకెట్ పడేయండి, జన్మలో దుమ్ము పడదు. అట్టపెట్టెల్లో దాచిన రైళ్లను ఇవాళే బయటికి తీయండి.

మొదటి నాలుగు సార్లు ఊరుకున్నాను. ఈసారి మా స్నేహితుడు కింద ఒక ముక్క కలిపాడు: "నేను చేసేశాను, నువ్వూ చెయ్." అందుకే ఇది రాస్తున్నాను.

టేపు సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. టేపు అంటుకునేది గోడకు కాదు, గోడ మీది రంగుకు. టేపు ఎంత గట్టిదైనా రంగు పెచ్చు ఊడితే షెల్ఫు మొత్తం కిందికి వస్తుంది, అదీ అర్ధరాత్రి, ఎవరూ పట్టుకునే వీలు లేనప్పుడు. గోడకు రంధ్రం వేయండి, ప్లగ్గు పెట్టండి, స్క్రూ బిగించండి. తట్టి చూస్తే గోడ గుల్లగా పలికితే లోపలి ఫ్రేము ఎక్కడుందో వెతికి దానికే బిగించండి.

మూడు వరసల మాట రాసినవాళ్లు చేత్తో రైలు పట్టుకున్నారా అని నా అనుమానం. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు (1:87) ఇంజన్ వెడల్పు దాదాపు మూడున్నర సెంటీమీటర్లు, ఎత్తు అయిదు. వెనక వరసలోది తీయాలంటే ముందు రెండు వరసల మీదుగా చెయ్యి పోవాలి. మీ చొక్కా చేతి అంచుకు మొదట తగిలేది పాంటోగ్రాఫే, అంటే ఇంజన్ నెత్తిన కరెంటు తీగను అందుకునే సన్నటి చట్రం. లోతు ఆరేడు సెంటీమీటర్లు చాలు. అరకూ అరకూ మధ్య తొమ్మిది, పది సెంటీమీటర్లు వదిలితే వేళ్లు హాయిగా ఆడతాయి. పొడవు మాత్రం ముందే లెక్కేసుకోండి. 26.4 మీటర్ల అసలు బోగీ 1:87లో 30 సెంటీమీటర్లు దాటుతుంది, 1:160లో పదహారున్నర. అయిదు బోగీలకు ఇంజన్ తగిలిస్తే ఎంతవుతుందో కూడుకుని, ఆ తర్వాతే చెక్క కోయించండి.

ఆనిక విషయంలో రచ్చ అనవసరం, లెక్క ఉంది. బరువు పలక పొడవునా సమంగా ఉన్నప్పుడు, ఆనికల మధ్య దూరం రెట్టింపు చేస్తే పలక వంగేది రెట్టింపు కాదు, 16 రెట్లు. మందం రెట్టింపు చేస్తే వంగుడు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండడుగులకు ఒక బ్రాకెట్ పెట్టండి, లేదా పలక వెనక అంచును వెనక బోర్డుకు పొడవునా స్క్రూలతో బిగించండి. రైళ్ల షెల్ఫు కొంచెం వంగినా పుస్తకాల షెల్ఫులా ఊరుకోదు. ఇప్పటి చక్రాలు ఊదితే కదులుతాయి. పలక మధ్య మూడు మిల్లీమీటర్లు దిగితే చాలు, రెండు వైపుల వ్యాగన్లూ జారి అక్కడే పోగుపడి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అందుకే రసమట్టం పెట్టకుండా చివరి స్క్రూ బిగించకూడదు.

మెత్తటి షీటు వద్దు. వాటిలో చాలావరకు పీవీసీ. అది మెత్తగా ఉండటానికి కలిపే ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికి వచ్చి, తనను ఆనుకున్న పాలిస్టైరీన్‌ను (మోడల్ రైళ్లకు వాడే గట్టి ప్లాస్టిక్) మెత్తబరుస్తుంది, రంగును జిగటగా మారుస్తుంది. ఇంజన్ చక్రాల రబ్బరు టైర్లకూ అది మంచిది కాదు. ఉత్త చెక్క మీద నిలబెట్టినా దీనికన్నా నయం.

గాడులు సరైన సలహానే. హెచ్‌ఓకి పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, ఎన్ స్కేలుకి (1:160) 9. చక్రం అంచు దిగేంత గాడి చాలు, లోతుగా తవ్వక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆరో రహస్యం (సీసపు గుళ్లు, తెల్ల జిగురు), ఏడో రహస్యం (సీలు) రెండూ కలిసి మీ రైళ్లను తినేస్తాయి. ఈ మాట కోపంలో అంటున్నది కాదు, నా రెండు వ్యాగన్లు అలాగే పోయాయి.

ఒకసారి ఒక ట్యాంకు వ్యాగన్‌ను చేతిలోకి తీసుకుంటే బొటనవేలికి ఏదో గరుకుగా తగిలింది. తిప్పి చూశాను. పొట్ట కింద అతుకు వెంట్రుకవాసి తెరుచుకుని ఉంది. మొదట జిగురు విడిపోయిందనుకుని నొక్కాను, మూసుకోలేదు. లోపలినుంచి ఏదో తోస్తోంది. అతుకు పూర్తిగా విప్పితే, నేను పోసిన గుండ్రటి సీసపు గుళ్లు లేవు. వాటి చోట పిండి ముద్దలా తెల్లటి గడ్డ, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. ఆ గడ్డ ఉబ్బి ప్లాస్టిక్‌ను చీల్చింది. పక్కనే ఉన్న రెండో వ్యాగన్‌దీ అదే కథ. రెంటిలోనూ గుళ్లను బిగించింది ఈ మెసేజ్ చెబుతున్న తెల్ల జిగురుతోనే.

ఆ జిగురు పాలివినైల్ అసిటేట్. అందులోంచి కొద్దికొద్దిగా అసిటిక్ ఆమ్లం వస్తుంది, అంటే వినెగర్‌లో ఉండేదే. అది సీసాన్ని సీసపు అసిటేట్‌గా మారుస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దాన్ని పట్టుకుని తెల్లటి సీసపు కార్బొనేట్‌గా మార్చి, ఆమ్లాన్ని మళ్లీ వదిలేస్తుంది. ఆ ఆమ్లం ఇంకో పొర సీసాన్ని తింటుంది. అందుకే అది ఒకచోట ఆగదు. పూర్వం సఫేదా రంగు తయారు చేసింది సరిగ్గా ఇలాగే. వినెగర్ పోసిన మట్టి కుండల్లో సీసపు చుట్టలు పెట్టి, వాటిని పేడ ఎరువులో కప్పి నెలలు వదిలేసేవాళ్లు. తీసేసరికి సీసం తెల్లపొడి అయ్యేది. ఆ పొడికి సీసం కన్నా ఎక్కువ చోటు కావాలి. వ్యాగన్ లోపల చోటెక్కడుంది?

ఇప్పుడు ఏడో రహస్యం చూడండి. అంచులన్నీ సిలికోన్‌తో మూయమంటోంది. ఏ సిలికోన్ అని చెప్పలేదు. తేలిగ్గా దొరికే రకాల్లో చాలావాటి మూత తీయగానే ముక్కులోకి గుప్పుమనే వాసన అసిటిక్ ఆమ్లానిదే. ఆ రకం గట్టిపడేటప్పుడు వదిలేది అదే. ఆరకముందే రైళ్లు పెట్టి తలుపు బిగించేస్తే ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? సీసపు బరువుల మీదికి, వైట్‌మెటల్ (సీసం, తగరం లాంటివి కలిసిన మెత్తటి లోహం) భాగాల మీదికి, జింక్ ఛాసిస్ (ఇంజన్ అడుగు చట్రం) మీదికి.

సిలికోన్ ఆరిపోతుంది, దాని గొడవ కొన్నాళ్లతో పోతుంది అనుకుందాం. పెట్టె చేసిన చెక్క మాటేమిటి? ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. చెక్కలోంచి అసిటిక్ ఆమ్లం ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. ఓక్ లాంటి చెక్కల్లో మరీ ఎక్కువ. తెరిచి ఉన్న షెల్ఫులో అది గదిలో కలిసిపోతుంది, ఎవరికీ ఏమీ కాదు. గాలి చొరకుండా మూసిన పెట్టెలో అది పోగవుతూనే ఉంటుంది. గాజు పెట్టెల్లో పెట్టిన పాత ఓడ నమూనాల మీది సీసపు లంగర్లు, చిన్న ఫిరంగులు తెల్లబడి పొడైపోవడం చూసి మ్యూజియం వాళ్లు నేర్చుకున్న పాఠం ఇది.

"మ్యూజియంలో పెట్టెలు సీల్ చేసే ఉంటాయి కదా" అని మా స్నేహితుడు వాదించాడు. ఉంటాయి. కానీ సీల్ చేసే ముందు వాళ్లు ఆ చెక్కను, ఆ బట్టను, ఆ జిగురును పరీక్షిస్తారు. బ్రిటిష్ మ్యూజియంలో 1973లో ఆండ్రూ ఆడీ ఒక పద్ధతి పెట్టాడు. వాడబోయే పదార్థం ముక్కను వెండి, రాగి, సీసం రేకులతో కలిపి మూసిన గాజు పాత్రలో కొంచెం తేమతో ఉంచుతారు. 60 డిగ్రీల వేడిలో 28 రోజులు. రేకులు మాసిపోతే ఆ పదార్థం పెట్టెలోకి రాదు. ఆ 28 రోజుల పని వదిలేసి సీలు ఒక్కటి పట్టుకొచ్చారు ఈ రహస్యాల వాళ్లు, దానికి మ్యూజియం అని పేరు పెట్టారు!

మరి దుమ్ము? దుమ్ముకు మెత్తటి కుంచె ఉంది. అయిదు నిమిషాలు కుంచెతో తుడిస్తే పోతుంది. తెల్లపొడి అయిన సీసాన్ని ఏ కుంచె వెనక్కి తేలేదు. దుమ్ము తగ్గాలంటే ముందు గాజు తలుపు పెట్టి, అంచుల్లో సన్నటి బ్రష్ పట్టీ వేయండి. గాలి ఆడుతుంది, దుమ్ములో చాలావరకు ఆగుతుంది. సిలికోన్ తప్పదనుకుంటే న్యూట్రల్ క్యూర్ (ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదలని రకం) అని రాసి ఉన్నది కొనండి, అప్పుడు కూడా పూర్తిగా ఆరేదాకా పెట్టె ఖాళీగా తెరిచే ఉంచండి. లోపల రంగు వేస్తే నీటితో కలిపే ఆక్రిలిక్ వేసి కొన్ని వారాలు గాలికి వదలండి. ఆయిల్ పెయింట్ వద్దు, అదీ ఆమ్లాలు వదిలేదే. అనుమానం తీరాలంటే ఒక సీసపు ముక్కను ఇసుక కాగితంతో తడిగా రుద్ది మెరిపించి పెట్టెలో ఓ మూల పెట్టండి. మామూలుగా బూడిదరంగుకు తిరిగితే భయం లేదు. తెల్లపొర కమ్మితే రైళ్లన్నీ ఆ రోజే బయటికి తీయండి. ఆ తెల్లపొడి విషం. ఊదకండి, తడిగుడ్డతో తుడిచి చేతులు కడుక్కోండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి.

సిలికా జెల్ ప్యాకెట్ కూడా జన్మంతా పనిచేయదు. తేమ పీల్చి నిండాక అది ఉత్త గులకరాళ్ల సంచి. 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. ఆ మాట మెసేజ్‌లో లేదు.

పాత ఇంజన్ ఛాసిస్ పగిలితే షెల్ఫునే తిట్టకండి. జింక్ పోతలో సీసం లాంటి కల్తీ కలిస్తే లోహం లోపల్నుంచే బీటలు వారుతుంది, దానికి మందు లేదు. అత్యంత శుద్ధమైన జింక్‌తో చేసే జమాక్ మిశ్రమం 1929లో వచ్చాకే ఆ బెడద తగ్గే దారి దొరికింది, అయినా ఆ తర్వాత పోసినవాటిలోనూ కల్తీ జరిగినవి ఉన్నాయి. తేమ, వేడి ఆ బీటల్ని తొందరపెడతాయి. మూసిన పెట్టెలో చిక్కిన తేమ కూడా ఆ పనే చేస్తుంది.

ఆ ఫొటోలో పెట్టె కిటికీకి ఎదురుగా ఉంది. మామూలు కిటికీ అద్దం యూవీలో కొంతే ఆపుతుంది. అక్కడ పెట్టిన ఎర్ర బోగీ ఎన్నాళ్లు ఎర్రగా ఉంటుంది?

చివరికి ఎనిమిదోది, అట్టపెట్టెల్లోని రైళ్లను బయటికి తీయమన్నది. దీన్ని కూడా చీల్చి చెండాడదామనే కూర్చున్నాను. అట్టపెట్టెలో, ఫోములో, చీకట్లో ఉన్నదే భద్రం అని పదకొండేళ్లుగా నా నమ్మకం. రాసేముందు సాక్ష్యం కోసమని అటక మీదినుంచి ఒక పెట్టె దించాను. మూత తీస్తే ఫోము పసుపు పచ్చగా మారి, వేలు పెడితే బెల్లం పాకంలా సాగింది. బోగీ పైకప్పు మీద ఆ ఫోము అచ్చు పడింది, తుడిస్తే అక్షరాలతో సహా రంగు లేచొచ్చింది. ఆ ఫోము పాలియురేథేన్. అది కాలంతో చివికి జిగటవుతుంది. ఇంజన్ గేర్లలో నూనె గట్టిపడి చక్రం కదల్లేదు. గాడుల మాటలాగే ఈ విషయంలోనూ మెసేజ్ చెప్పింది నిజం, ఇన్నాళ్లూ తప్పు చేసింది నేను. మిగిలిన పెట్టెలన్నీ ఆ సాయంత్రమే దించేశాను. ఫోము తీసేసి, ఆమ్లం లేని టిష్యూ కాగితం చుట్టి, అరల కొలతలు రాసుకుంటున్నాను.

ఒరేయ్, నువ్వు చదువుతావని తెలుసు. నీ పెట్టె తలుపు ఇప్పుడే తీసి ఉంచు. వ్యాగన్లు ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టి ఊపి చూడు. గుళ్లు పోసినవి ఏవో నీకు గుర్తుంటే వేరే పెట్టు. ఆదివారం పొద్దున్నే బ్లేడు తీసుకుని వస్తాను, ఆ సిలికోన్ ఇద్దరం కలిసి గీకేద్దాం.