సీలు తప్పేం లేదు బావూ, బ్రీదరు ఎప్పుడైనా విప్పి చూశారా?

కొత్తూరు, సీతంపేట వైపు జీపులు నడిపే అన్నదమ్ములు ఇది చివరిదాకా చదవండి. కోపంతోనే రాస్తున్నాను.

ఎనిమిది నెలల్లో నా పాత జీపుకి వెనక యాక్సిల్ ఆయిలు సీలు (ఆయిలు బయటికి కారకుండా చక్రం తిప్పే షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగు) మూడుసార్లు మార్పించాను. మూడు షెడ్లలోనూ ఒకటే మాట: "ఏటీ కాదు బావూ, సీలు పోనాది. కొత్తది ఏసీసినాం, ఇంక సూడక్కర్లేదు." రెండు నెలలు తిరక్కుండానే కుడి వెనక చక్రం లోపలివైపు మళ్లీ తడి, టైరు మీద నల్లటి చారలు. ఆషాఢంలో అనాస లోడుతో సీతంపేట కొండ దిగుతున్నాను. (2022లో మన్యం జిల్లాలో కలిపారు గానీ మాకు సీతంపేటంటే ఇప్పటికీ సిక్కోలే, అంటే శ్రీకాకుళమే.) మలుపులో బ్రేకు తొక్కితే బండి ఎడమకి ఈడ్చేసింది. ఎడమ పక్క లోయ. వెనకాల పళ్ల పక్కన సంతకొస్తున్న సవర ఆడవాళ్లు ముగ్గురు. సెకండు గేరులో ఉన్నాను కాబట్టి ఆగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు డ్రమ్ము విప్పితే కుడి చక్రం బ్రేకు లైనర్లు (డ్రమ్ముని ఒత్తి చక్రం ఆపే పట్టీలు) ఆయిల్లో ముంచి తీసినట్టున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం కంపు. ఆ కంపుతో చిక్కగా ఉంటే అది హౌసింగు (యాక్సిలు, దాని గేర్లు ఉండే ఇనప గూడు) లోపలి గేరు ఆయిలు. నీళ్లలా పల్చగా ఉంటే వీల్ సిలిండరు నుంచి కారే బ్రేకు ఆయిలు, ఆ రోగం వేరు. ఈ తేడా చూడకుండా సీలు మార్చేసే వాళ్లున్నారు.

ఈసారి సాలూరు తీసుకెళ్లాను. లారీల ఊరు, పని తెలిసిన చేతులుంటాయి. అక్కడి పెద్ద మేస్త్రి చక్రం జోలికి పోలేదు. తిన్నగా బండి కింద దూరి, హౌసింగు మీదున్న బ్రీదరు (లోపలి గాలి బయటికి పోయే చిన్న మూత) విప్పి నా అరచేతిలో పెట్టాడు. చిటికెన వేలంత ముక్క. దాని నిండా ఎర్రమట్టి గట్టిపడి రాయిలా ఉంది. "ఇదెప్పుడైనా ఇప్పినారా బాబూ?" అన్నాడు. మూడు షెడ్లలో ఒక్కరూ విప్పలేదు. నేనూ అడగలేదు.

జరిగేది ఇదీ. లోడుతో కొండెక్కుతుంటే హౌసింగు వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. బ్రీదరు తెరిచి ఉంటే ఆ గాలి పైకి పోతుంది. మూసుకుపోతే సీలు పెదవినే, అంటే షాఫ్టుని ఆనే రబ్బరు అంచునే, తోసుకుని ఆయిలుతో సహా బయటపడుతుంది. ఎంత మంచి సీలైనా ఎన్నాళ్లు ఆపగలదు? ఇంకా ఘోరం గెడ్డ (వాగు) దాటేటప్పుడు. సలసలా కాగిన హౌసింగు ఒక్కసారిగా చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు పక్కనుంచి నీళ్లు లాగేస్తుంది. నా హౌసింగులోంచి దించిన ఆయిలు అచ్చం పాల టీ రంగులో ఉంది. ఆ నీళ్లతో బేరింగులు, క్రౌను పళ్లచక్రం తుప్పు పట్టి అరిగిపోతే వచ్చే ఖర్చు ముందు సీలు ఖర్చు ఏపాటిది!

తర్వాత షాఫ్టు లాగి, సీలు ఆనే చోట గోరు పెట్టి గీకమన్నాడు. గోరు గాడిలో దిగబడింది. పాత సీళ్లు అక్కడే రాసుకుని రాసుకుని కోసేశాయి. ఆ గాడి మీద కొత్త సీలు ఎలా కూర్చుంటుంది? గాడి కప్పేలా పల్చటి స్లీవు (తొడుగు) ఎక్కించాడు. బేరింగు ప్లే (వదులు) కూడా చూశాడు. షాఫ్టు పైకీ కిందకీ ఊగుతుంటే రబ్బరు దాని వెంట పరుగెత్తలేదు కదా.

ఇక సీలు వేసే తీరు. ఇదివరకు నా కళ్ల ముందే స్క్రూడ్రైవరు ఒక పక్క పెట్టి సుత్తితో కొట్టారు. ఈయన సీలు కూర్చునే గూడు గుడ్డతో తుడిచి, పెదవికి గ్రీజు రాసి, స్ప్రింగున్న వైపు ఆయిలు పక్కకి తిప్పి, పైన పాత బేరింగు రింగు ఆనించి సమంగా దించాడు. షాఫ్టు తోసేటప్పుడు దాని పళ్లు పెదవికి తగలకుండా చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. ఆయిలు ఫిల్లరు కన్నం అంచుదాకా పోసి ఆపాడు. "ఎక్కువ పోస్తే బలం" అనుకునేవాళ్లు మానండి, ఆ ఎక్కువే ముందు బయటికొస్తుంది.

అన్నిటికన్నా నాకు మండేది లైనర్ల సంగతి. నానిపోయిన లైనర్లు పెట్రోలుతో కడిగి, గరుకు కాగితం రుద్ది, మళ్లీ బిగించేస్తారు. పైకి ఆరినట్టే ఉంటాయి. ఘాట్ రోడ్డు దిగుతూ నాలుగుసార్లు బ్రేకు కొడితే ఆ వేడికి లోపల పీల్చుకున్న ఆయిలు పైకి ఊరుతుంది. నా బండి లాగింది అందుకే. లైనర్లు కొత్తవే వేయాలి, రెండు వెనక చక్రాలకీ వేయాలి. సంతరోజు జీపులో పదిమందిని ఎక్కించుకుని దిగే డ్రైవరుకి కడిగిన లైనర్లు అప్పగించే హక్కు ఏ షెడ్డుకీ లేదు. ఖర్చు తగ్గించమని షెడ్డువాణ్ణి బతిమాలే ఓనర్లకీ లేదు. నేనూ ఒకసారి అలా బతిమాలినవాణ్ణే.

సాలూరు నుంచి వచ్చి ఒక వానాకాలం దాటింది, చక్రం పొడిగానే ఉంది. బ్రీదరుకి రబ్బరు గొట్టం తగిలించి, గెడ్డ నీళ్లు అందకుండా ఛాసిస్ పైకి కట్టించాను. ఈ ఆదివారం మా తమ్ముడి బండి విప్పుతున్నాం. డ్రమ్ము లాగే పుల్లరు మా ఇంట్లో ఉంది. కావాల్సినవాళ్లు వచ్చి పట్టుకెళ్లండి, పనయ్యాక తిరిగి ఇచ్చేస్తే చాలు.