నలుగురు టాపర్లు, చేతిలో పైసా లేని కంపెనీ

అమెరికాలో మన తెలుగు సంఘాల మహాసభల్లో యువత కోసం పెట్టే పోటీల లిస్టు ఒకసారి చూడండి. స్పెల్లింగ్, మ్యాథ్, వక్తృత్వం, పద్యాలు, సోలో డాన్సు, సోలో పాట, చదరంగం. అక్కడక్కడా ఒక గ్రూప్ డాన్స్ తప్పిస్తే అన్నీ ఒక పిల్ల, ఒక మైకు, ఒక ట్రోఫీ వ్యవహారమే. వీటి మీద నాకేం కోపం లేదు. ఇక్కడి మన పిల్లలకి స్పెల్లింగ్ లాంటి పోటీలు నడిపే నార్త్ సౌత్ ఫౌండేషన్‌ని 1989లో మొదలుపెట్టిన రత్నం చిట్టూరి గారు మనవారే, ఆ పోటీల పుణ్యమా అని ఇక్కడ ఎంతమంది పిల్లలకి స్టేజి భయం పోయిందో మన కళ్ళతో చూశాం, ఇండియాలో పేద పిల్లలకి స్కాలర్‌షిప్పులూ వెళ్తున్నాయి. కానీ 2019లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీ అయిన స్క్రిప్స్ స్పెల్లింగ్ బీలో ఎనిమిది మంది కలిసి గెలిచారని, అందులో ఏడుగురు మన దేశం మూలాలున్నవాళ్ళేనని సంబరపడ్డాం చూడండి, వాళ్ళు ఒకరికొకరు సాయం చేసుకుని గెలవలేదు. ఒకరినొకరు ఓడించలేక గెలిచారు, అంతే. ఇంకొకడి మీద ఆధారపడి గెలవడం, ఇంకొకడి వల్ల ఓడిపోవడం, మర్నాడు మళ్ళీ వాడి పక్కనే కూర్చోవడం మన పోటీల్లో ఎక్కడా లేదు.

అందుకే ఈసారి మహాసభల్లో యూత్ విభాగంలో ఒక బిజినెస్ సిమ్యులేషన్ గేమ్, అంటే ఊహా కంపెనీని నడిపే ఆట, పోటీగా పెట్టాలంటున్నాను. టీములుగా. ఒక్కరే వస్తే ఎంట్రీ లేదు.

ఇదేదో కొత్త సరుకు కాదు. 1950ల్లోనే అమెరికాలో మేనేజర్ల ట్రైనింగ్ కోసం ఇలాంటి ఆటలు వచ్చాయి. ఇవాళ ఇక్కడ ఎంబీఏ చేసినవాళ్ళలో చాలామందికి క్యాప్సిమ్ అనే సంస్థ వాళ్ళ క్యాప్‌స్టోన్ గేమ్ తెలిసే ఉంటుంది. సెన్సర్లు తయారుచేసే గుత్తాధిపత్య కంపెనీని ప్రభుత్వం ముక్కలు చేసిందని కథ. ఆండ్రూస్, బాల్డ్విన్, చెస్టర్ అని పేర్లు పెట్టిన ఆ ముక్కల్లో ఒక్కోటి ఒక్కో టీముకి ఇస్తారు. మొదటి రోజున అందరిదీ ఒకే పరిస్థితి, అవే ప్రొడక్టులు, అంతే డబ్బు. ఒక్కో రౌండ్ ఒక సంవత్సరం కింద లెక్క, మామూలుగా ఎనిమిది దాకా ఆడతారు. ప్రతి రౌండ్‌లో ఆర్ అండ్ డీ (ప్రొడక్టుల రీసెర్చ్, మార్పులు), మార్కెటింగ్, ప్రొడక్షన్, ఫైనాన్స్ నిర్ణయాలు నింపి పంపిస్తే, కంప్యూటర్ అందరివీ కలిపి నడిపి, ఎవరు ఎంత అమ్మారో ఎవరి షేర్ ఎంతకి పడిందో రిపోర్టు ఇస్తుంది. ఆ రిపోర్టు వచ్చే ముందు పడే టెన్షన్ ఉంటుందే, రిజల్ట్స్ రోజున ఇంటర్మీడియెట్ పిల్లలకి కూడా అంత ఉండదు.

మా అక్క కొడుకు ఇక్కడ యూనివర్సిటీలో చదువుతూ చివరి సంవత్సరంలో ఇది ఆడాడు. వాళ్ళ టీమ్ మా బేస్‌మెంట్‌లోనే కూర్చునేది కాబట్టి టీ ఇచ్చే వంకతో నేనూ చూశాను. నలుగురూ టాపర్లే, ముగ్గురు తెలుగువాళ్ళు, ఒకతను గుజరాతీ. మొదటి రోజే పని పంచేసుకున్నారు, నీది ఆర్ అండ్ డీ, నాది మార్కెటింగ్, వాడిది ప్రొడక్షన్, ఆ అమ్మాయిది ఫైనాన్స్. ఎవరి షీట్ వాళ్ళు నింపుతారు, చివర్లో ఒకడు సబ్మిట్ కొడతాడు. మనవాళ్ళ గ్రూప్ ప్రాజెక్టులన్నీ ఇలాగే జరుగుతాయి కదా, నాలుగు ముక్కలు విడివిడిగా రాసి, ముందురోజు రాత్రి ఒకచోట అతికించి, పేర్లు పైన పెట్టేయడం.

మొదట్లో బ్రహ్మాండంగా నడిచింది. ప్రొడక్షన్ చూసే అబ్బాయి కూలి ఖర్చు తగ్గుతుందని ఫ్యాక్టరీలో ఆటోమేషన్ బాగా పెంచాడు. అతని లెక్క కరెక్టే. కాకపోతే ఈ గేమ్‌లో ఆటోమేషన్ పెరిగేకొద్దీ ప్రొడక్టుని మార్చడానికి పట్టే టైమ్ కూడా పెరుగుతుంది. మరుసటి రౌండ్‌లో ఆర్ అండ్ డీ చూసే మా వాడు హై ఎండ్ (ఖరీదైన రకం) ప్రొడక్టుని కొత్తగా మార్చబోతే, మార్చిలో రావలసింది నవంబరుకి జరిగింది. ఆ డేటు స్క్రీన్ మీదే కనిపిస్తుంది, మా వాడు చూశాడు కూడా. ఈ రకం కొనే కస్టమర్లకి కొత్తదనమే ముఖ్యం, నవంబరు దాకా వాళ్ళ చేతికి వెళ్ళేది పాతదే. ఇదేమీ తెలియని మార్కెటింగ్ అబ్బాయి మార్చి నుంచి కొత్తది అమ్ముతామనుకుని ఫోర్‌కాస్ట్ భారీగా రాశాడు. ప్రొడక్షన్ అబ్బాయి ఆ అంకె మీద ఇంకాస్త కలిపి తయారుచేశాడు, సరుకు అయిపోతే కస్టమర్లు పక్క కంపెనీకి పోతారన్న భయంతో. సంవత్సరం తిరిగేసరికి గోడౌన్ నిండా సరుకు, చేతిలో పైసా లేదు.

క్యాష్ సున్నా కిందకి వెళ్తే ఈ గేమ్‌లో బిగ్ ఆల్ అనే ఒక పెద్దమనిషి వస్తాడు. మీ బ్యాలెన్స్‌ని సున్నాకి తేవడానికి సరిగ్గా ఎంత కావాలో అంతే అప్పిస్తాడు, మామూలు వడ్డీకి ఏడున్నర శాతం అదనంగా గుంజుతాడు, షేర్ ధర కూడా పడిపోతుంది. విజయవాడ వాళ్ళకి కాల్‌మనీ అంటే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు.

ఆ రాత్రి బేస్‌మెంట్‌లో నడిచిన పంచాయితీ నాకు రిపోర్టు కంటే ఆసక్తిగా అనిపించింది. "నవంబరని చెప్పలేదేంట్రా?" "నువ్వడిగావా?" ఒకడైతే "మా మోడల్ కరెక్టే మావయ్యా, మార్కెట్టే తేడాగా ఉంది" అని నాకే చెప్పాడు. నిజంగానే ఎవరి షీట్‌లోనూ తప్పు లేదు. నాలుగు సరైన జవాబులు కలిసి ఒక దివాలా అయ్యాయి. అంతకంటే నన్ను ఆపిన మాట ఫైనాన్స్ అమ్మాయిది. చివరి షీట్ ఆమెదే కాబట్టి క్యాష్ తేడా కొడుతోందని ఆమెకి ముందే అనుమానం వచ్చిందట. మరి అడగలేదేం అంటే, "అడిగితే నేనొక్కదాన్నే లేట్ చేస్తున్నానంటారు అంకుల్" అంది.

నా వాదన అంతా ఈ మాట దగ్గరే ఉంది. మన పిల్లలకి తెలివి లేక కాదు. జవాబు చెయ్యెత్తి చెప్పడం చిన్నప్పటి నుంచీ నేర్పాం, పక్కవాడి జవాబుని వాడి మొహం మీద ప్రశ్నించడం, అడిగినందుకు అలగకపోవడం నేర్పలేదు. టీమ్‌లో బాగా మాట్లాడేవాడి అంకె టీమ్ అంకె అయిపోతుంది. స్పెల్లింగ్ బీలో ఆ లోపం జీవితాంతం బయటపడదు. ఇక్కడ రిపోర్టు రాగానే బయటపడుతుంది, అసలు డబ్బు ఏమీ పోకుండానే.

తర్వాత వాళ్ళు పద్ధతి మార్చుకున్నారు. షీట్లు ముట్టుకోకముందే నలుగురూ ఒక కాగితం మీద బాగా అమ్ముడైతే ఎంత, అస్సలు అమ్ముడవకపోతే ఎంత అని రెండు అంకెలు రాసేవారు, ఆ రెండో అంకెతో క్యాష్ సున్నా కిందకి పోతే ఫైనాన్స్ అమ్మాయి వద్దంటే వద్దు. గెలిచారా అంటే లేదు, మధ్యలో ఎక్కడో తేలారు.

హైస్కూల్ పిల్లలకి ఇంత పెద్ద గేమ్ అక్కర్లేదు. విద్యార్థులకి బిజినెస్ పోటీలు పెట్టే డెకా సంస్థ వాళ్ళ వర్చువల్ బిజినెస్ ఛాలెంజ్ ఉండనే ఉంది, రెస్టారెంటో హోటలో నడిపే ఆట, ఒకరి నుంచి ముగ్గురి దాకా చేరొచ్చు. నాకు తెలిసిన మన పిల్లలు చాలామంది ఒక్కరే చేరతారు. ఎందుకురా అంటే వేరేవాళ్ళతో అయితే టైమ్ వేస్ట్ అంటారు!

మహాసభల కోసమైతే నా ఓటు ఎంఐటీలో పుట్టిన బీర్ గేమ్‌కి. కంప్యూటర్ కూడా అవసరం లేదు, బల్ల, కాగితాలు, బిళ్ళలు చాలు. టీముకి నలుగురు, కింద నుంచి పైకి వరసగా రిటైలర్, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ. ప్రతి వారం కింద నుంచి ఆర్డర్ చీటీ వస్తుంది, మీరు పైవాడికి ఆర్డర్ రాస్తారు, సరుకు రావడానికి వారాలు పడుతుంది, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. అమ్ముడవక మిగిలిన బీరు పెట్టెకి వారానికి అర డాలరు, ఇవ్వలేకపోయిన పెట్టెకి ఒక డాలరు ఖర్చు. కస్టమర్ మొదట వారానికి నాలుగు అడుగుతాడు, తర్వాత ఎనిమిది అడుగుతాడు, ఆ తర్వాత ఆట ముగిసేదాకా ఎనిమిదే. జరిగేది ఈ ఒక్క మార్పే. అయినా పైకి వెళ్ళేకొద్దీ ఆర్డర్లు ఇరవై, ముప్ఫై అయిపోతాయి, కొన్ని వారాలకి సరుకు కుప్పలుగా దిగుతుంది, అప్పుడు ఎవరికీ అక్కర్లేదు. అందరూ కింద కస్టమర్‌కి పిచ్చి పట్టిందనుకుంటారు.

బీరు పేరు వింటే కల్చరల్ కమిటీ ఆంటీలు ఒప్పుకోరు కాబట్టి సోనా మసూరి బస్తాలతో ఆడిద్దాం. అది మనకి అనుభవమే కదా. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసిందని వార్త రాగానే ఇక్కడ ఇండియన్ స్టోర్ల ముందు కట్టిన క్యూలు గుర్తున్నాయా? ఇద్దరే ఉన్న ఇంట్లో కూడా పది బస్తాలు, షాపుల్లో మనిషికి ఒకటే అని బోర్డులు, వాట్సాప్‌లో ఫలానా స్టోర్‌లో ఇంకా ఉన్నాయంటూ మెసేజీలు. తినే అన్నం ఒక్క ముద్ద కూడా పెరగలేదు, ఆర్డర్లు మాత్రం పెరిగాయి. ఆ క్యూలో నిలబడిన తల్లిదండ్రుల పిల్లలు అదే కథని బల్ల మీద ఆడితే, తర్వాత అరగంట చర్చ నడపడానికి ఎవరినీ పిలవక్కర్లేదు.

"కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా?" అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. పనికి రాకపోవచ్చు. సర్టిఫికెట్ ఇస్తాం, తర్వాత మీ ఇష్టం. ఈ గేముల్లో లోపాలు లేవని కూడా నేననను. ఎనిమిదో రౌండే చివరిదని ముందే తెలిస్తే ఆ రౌండ్‌లో రీసెర్చ్ ఎవరూ చెయ్యరు, కొత్త మెషీన్లు కొనరు, కంపెనీని పిండేసి షేర్ ధర పెంచుకుని గెలుస్తారు. మూడు నెలలకోసారి వచ్చే రిజల్ట్స్ కోసం నిజం కంపెనీలు చేసేదీ అదేగా అంటారేమో, నిజమే, కానీ పిల్లలకి ఆ విద్య మనం నేర్పక్కర్లేదు.

కాబట్టి రూల్స్ ఇలా ఉంటే బాగుంటుంది. ఎన్ని రౌండ్లో ముందు చెప్పకూడదు. టీములు చీటీ తీసి వేయాలి, ఒకే స్కూలు వాళ్ళు, ఒకే అపార్ట్‌మెంట్ వాళ్ళు ఒకచోట చేరకుండా. మధ్యలో ఒకసారి పనులు మార్చాలి, మార్కెటింగ్‌లో కూర్చున్నవాడు ఫైనాన్స్‌కి వెళ్ళాలి. ట్రోఫీ ఉంటే నలుగురికీ ఒకటే, ఎవరింట్లో ఉంచుకోవాలో వాళ్ళే తేల్చుకోవాలి. ఇక అతి ముఖ్యమైనది, అమ్మానాన్నలు హాలు బయటే. లోపలికి వస్తే వాళ్ళే ఆర్డర్లు రాసేస్తారు, నాకు తెలుసు.

బీర్ గేమ్ బోర్డులు నేను ప్రింట్ చేసి తెస్తాను. యూత్ కమిటీ వాళ్ళు శనివారం మధ్యాహ్నం ఒక గది, ఆరు బల్లలు ఇస్తే చాలు. ఆ టైమ్‌కి మెయిన్ హాల్లో సన్మానాలే ఉంటాయి, పిల్లలెవరూ అక్కడ కూర్చోరు.