ఎగువ కుళాయి, దిగువ పుదీనా

వంశధార నీళ్ళ పంపకంపై ఒడిశాకూ ఆంధ్రాకూ ఉన్న తగవు తీర్చడానికి 2010లో ట్రిబ్యునల్ వేస్తే, తుది తీర్పు 2017లో వచ్చింది. ఒక్క నదికి ఏడేళ్ళా అని అప్పట్లో ముక్కున వేలేసుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ వేలు ఇప్పుడు తీసేస్తున్నాను. అదే వంశధార ఒడ్డున, ఎగువన ఒడిశాలో ఉన్న గుణుపూర్‌లోని మా ఇంట్లో అర అంగుళం కుళాయి కారడం మొదలై మూడు నెలలైంది. మొదటి నెలంతా విచారణ పరిధి ఎవరిదో తేల్చడానికే సరిపోయింది.

గొట్టం స్నానాలగది గోడలోంచి వస్తుంది కనుక అది నా పరిధి. కుళాయి వంటగదిలో ఉంది కనుక మా ఆవిడ పరిధి. కారేది సరిగ్గా రెండూ కలిసే మరల దగ్గర. ఆవిడ పుట్టిల్లు దిగువన ఆంధ్రాలోని హిరమండలం కావడంతో విషయం సహజంగానే అంతర్రాష్ట్ర స్థాయికి వెళ్ళింది.

ప్లంబరును పిలవవచ్చు కదా అని చుట్టుపక్కలవాళ్ళు అన్నారు. పరాయి జోక్యాన్ని మా నాన్నగారు మొదటినుంచీ సహించరు. "ఇంట్లో ముగ్గురం మగవాళ్ళం ఉండి, కుళాయికి కూలి ఇస్తామా?" అన్నారు. ఆ ముగ్గురిలో ఒకడు తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి. వాడు వెంటనే నిపుణుల నివేదిక సమర్పించాడు: సెకనుకు ఒక చుక్క, రోజుకు 86,400 చుక్కలు, ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు వేసుకుంటే రోజుకు 4.3 లీటర్లు. లెక్క ముగిసేసరికి ఆ రోజు వాటా కారిపోయింది.

ఇక మరమ్మతు. నాన్నగారు ఇనుప గొట్టాల కాలం మనిషి. మరలకు జనపనార చుట్టి తెల్లరంగు పూస్తేనే అది పని అని ఆయన మతం. నేను సైకిల్ ట్యూబు వాదిని. సైకిల్ ట్యూబు ముక్కతో ఆగనిది ఈ లోకంలో ఏదీ లేదని నా నమ్మకం, నిన్నమొన్నటివరకు. అబ్బాయి టెఫ్లాన్ టేపు తెచ్చాడు. దాన్ని కుళాయి బిగించే దిశలోనే చుట్టాలి, లేకపోతే బిగిస్తున్నకొద్దీ ఊడివస్తుంది. వాడు ఫోనులో వీడియో చూసి చుట్టాడు. ఆ వీడియో అద్దంలో బొమ్మలా కుడి ఎడమై ఉంది. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక మూడు సిద్ధాంతాలనూ ఒకదానిపై ఒకటి అమలు చేశాం. చుక్క కాస్తా ధార అయింది.

అప్పుడు మా బావమరిది వచ్చాడు. గొట్టా బ్యారేజీ ఉన్న ఊరివాడు, నీటిని అదుపు చేయడం రక్తంలోనే ఉందంటాడు. "బావా, మీరు పక్కకు తప్పుకోండి" అని కుళాయి మొత్తం విప్పేశాడు. పైన ట్యాంకులో అయిదు వందల లీటర్లు ఉన్నాయి. ముందుగా గేటు వాల్వు కట్టేయాలని తెలియనివాడు కాదు. కట్టేశాడు కూడా. పిడి శుభ్రంగా తిరిగింది. తుప్పుపట్టి లోపలి తలుపు మాత్రం కదలలేదు. ఏళ్ళ తరబడి దాన్ని ఒక్కసారైనా తిప్పి చూడని శాఖ ఏదో నేను ఇక్కడ రాయను, అది స్నానాలగది వైపే ఉంది. ఎగువ రాష్ట్రం గేట్లు ఎత్తేసి దిగువవాళ్ళను ముంచిందని మా ఆవిడ మోకాలి కింది నీళ్ళలో నిలబడి ప్రకటించింది.

మర్నాడు, నాన్నగారు గుడికి వెళ్ళిన వేళ, ఆవిడే ప్లంబరును పిలిచింది. అతను మరల్లోంచి మూడు తరాల వైద్యాన్నీ గోకి పారేసి, టేపు చుట్టి, బిగించి పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. గేటు వాల్వు కూడా కొత్తది వేయించుకోమని చెప్పాడు. ఆ అంశం పరిశీలనలో ఉంది.

తగవు తీరిందనుకుంటే అమ్మ కొత్త పిటిషన్ వేసింది. ఆ కారిన నీళ్ళు తూము గుండా పెరట్లోకి పోయి ఆవిడ పుదీనా మడిని తడిపేవట. మూడు నెలలు అనుభవించిన వాటాను ఒక్కమాటైనా చెప్పకుండా ఆపేస్తారా అని అడిగింది. దిగువవాళ్ళ హక్కు కాదనడానికి నాకు నోరు రాలేదు. అబ్బాయి నివేదికే సాక్ష్యంగా తీర్పు వచ్చింది. రోజూ ఉదయం నాలుగు లీటర్ల బకెట్టు నేనే మోస్తున్నాను.

మిగతా మూడు వందల మిల్లీలీటర్లూ బకాయి కింద రాసుకుంటున్నానని అమ్మ చెబుతోంది.