సవరణ: ఆసుపత్రి ట్రయల్స్‌లో చికిత్స ఖర్చు గ్రాంటులోంచి రాదు

ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రుల్లో జరిగే ట్రయల్స్ (కొత్త చికిత్సలను రోగులపై పరీక్షించే అధ్యయనాలు) గురించిన మా ముందటి పోస్టులో, పరిశోధన గ్రాంటే అన్ని ఖర్చులూ భరిస్తుందని రాశాం. అది తప్పు. బడ్జెట్ వేసుకునేవాళ్లను నేరుగా దెబ్బతీసే తప్పు కాబట్టి వివరంగా సరిచేస్తున్నాం.

2012 నాటి ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఖర్చులు మూడు రకాలు. రోగులను గ్రూపులుగా విడదీయడం, డేటా నమోదు, విశ్లేషణ: ఇవి పరిశోధన ఖర్చులు, గ్రాంటులోంచి వస్తాయి. తగిన రోగులను వెతకడం, సమ్మతి తీసుకోవడం సహాయక ఖర్చులు. మూడోది చికిత్స ఖర్చు. అది ఆరోగ్య సేవల బడ్జెట్‌దే. ఎటు చేర్చాలో తేలనప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ట్రయల్ ముగిశాకా ఈ చికిత్స కొనసాగితే ఈ ఖర్చూ కొనసాగుతుందా? అవునంటే అది చికిత్స ఖర్చు. డేటా కోసమే తీసే రక్తపరీక్షను ఇందులో కలపడం తరచూ జరిగే పొరపాటు.

ఆ పోస్టులో ఉదాహరణగా ఇచ్చిన మా లెక్కా తప్పింది. 600 మందికి 6 ఫిజియోథెరపీ సెషన్లు, సెషన్‌కు 50 పౌండ్లు అనుకుని 1,80,000 అని చూపాం. నిజానికి ఆ 600 మందిలో కొత్త చికిత్స పొందేది 300 మందే, మిగతావాళ్లకు మామూలు చికిత్సే. మామూలుగానే 4 సెషన్లు ఇస్తారు గనుక అదనం రెండే. అంటే 30,000 పౌండ్లు.

మామూలు చికిత్సకు మించిన ఈ అదనపు మొత్తం చెల్లింపు విధానం 2018 అక్టోబరులో మారింది. ఏటా ఒక పరిమితి దాకా ఆసుపత్రే భరించాలి. దరఖాస్తుకు ముందే ఆసుపత్రులతో ఈ మాట తేల్చుకోకపోతే, గ్రాంటు చేతికొచ్చాక కూడా రోగుల చేరిక ఆలస్యం కావచ్చు.