అరకోటి కట్టే ముందు రంగు చుక్కల పుస్తకం

ఇంటర్ ఫలితాలొస్తే చాలు, అమలాపురం నుంచి భీమవరం దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మెసేజ్ ఇది: "ఇంటరైతే చాలు, ఏడాదిలో పైలట్. అరకోటి పెడితే ఉద్యోగం గ్యారంటీ, నెలకు ఐదు లక్షలు. కళ్లజోడుంటే మాత్రం పనికిరారు."

కళ్లజోడు సంగతి ముందు తేల్చాలి, పిల్లలు అక్కడే వెనక్కి తగ్గుతున్నారు. జోడుంటే తప్పులేదు. పెట్టుకున్నాక దూరపు చూపు ఒక్కో కంటికి 6/9, రెండూ కలిపి 6/6 రావాలి. ఎగిరేటప్పుడు ఇంకో జత దగ్గరుండాలి, అంతే. అసలు చిక్కు రంగులతో. ఇషిహారా పుస్తకంలో రంగు చుక్కల మధ్య దాగిన అంకె చదవమంటారు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కంటికి ఆ అంకె దొరకదు. పుట్టుకతో వచ్చిన ఈ లోపం మందులకు లొంగదు. రంగులతో అంత పట్టింపెందుకంటారా? దిగే విమానం ఎత్తు సరిగ్గా ఉందో లేదో చూపించడానికి రన్‌వే పక్కన పాపీ అనే నాలుగు లైట్లుంటాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే దిగే వాలు సరిగ్గా ఉన్నట్టు. నాలుగూ ఎరుపైతే మరీ కిందికొచ్చేసినట్టు.

అందుకే ముందు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపున్న డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్, అంటే మొదటి వైద్య పరీక్ష, ఆ తర్వాత కమర్షియల్ పైలట్‌కు కావలసిన క్లాస్ 1. ఫీజు ఆ తర్వాతే. "ముందు అడ్వాన్సు కట్టండి, మెడికల్ తర్వాత చూద్దాం" అన్నచోట ఒక్క రూపాయీ కట్టొద్దు.

ఇక ఏడాది మాట. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు పైలట్-ఇన్-కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదే అయ్యేలా. రాత్రిపూట 5 గంటలు. ఒక ప్రయాణమైతే 300 నాటికల్ మైళ్లకు, అంటే దాదాపు 555 కిలోమీటర్లకు తగ్గకూడదు, దారిలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగి ఆగాలి. మామూలు శిక్షణలో ఒకసారి ఎగిరితే గంటో, గంటన్నరో. కాగితం మీద ఏడాది సరిపోతుంది. కానీ వానాకాలంలో మేఘం కిందికి దిగి కూర్చుంటుంది, చలికాలంలో మంచు. సంక్రాంతి ముందు రాజమండ్రి మధురపూడి విమానాశ్రయంలో పొద్దుటి విమానాలు ఎందుకు ఆలస్యమవుతాయో మనకు తెలిసిందేగా. పైగా ప్రతి 100 గంటలకూ విమానం తనిఖీకి హ్యాంగర్లోకి పోతుంది. అప్పుడు క్యూ పెరుగుతుంది. కాబట్టి స్కూలు వాళ్లను హాస్టల్ గురించి కాదు, ఇవాళ ఎగరగలిగే విమానాలెన్ని, ఇన్‌స్ట్రక్టర్లెందరు, విద్యార్థులెందరు అని అడగండి. ఇక రాత పరీక్షలు: నావిగేషన్ (దారి లెక్కలు), మెటియొరాలజీ (వాతావరణం), రెగ్యులేషన్స్ (నిబంధనలు), టెక్నికల్ పేపర్లలో నూటికి 70 వస్తేనే పాసు. ఎగరడం మొదలెట్టే లోపే ఇవి అయిపోతే చాలా కాలం కలిసొస్తుంది.

గ్యారంటీ అన్నది అబద్ధం. 200 గంటల లైసెన్సుతో ఏటీఆర్‌లోగానీ ఎయిర్‌బస్‌లోగానీ కూర్చోబెట్టరు. దానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానానికి విడిగా శిక్షణ, అనుమతి కావాలి, ఆ లక్షలు మెసేజ్ చెప్పిన అరకోటిలో లేవు. కెప్టెన్ సీటుకు కావలసిన పై స్థాయి లైసెన్సు ఏటీపీఎల్‌కు 1,500 గంటలు ఉండాలి. ఆ ఐదు లక్షలు కొత్తవాడి మొదటి జీతం కాదు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ విమాన సంస్థలు ఆగిపోయాయి. వాటి పైలట్లు వేల గంటల అనుభవంతో బయటికొచ్చారు. అలాంటప్పుడు 200 గంటల కుర్రాడు ఉద్యోగాల వరుసలో వాళ్ల వెనకే.

బ్యాంకు వాయిదాకు ఆ వరుసతో పనిలేదు, కోర్సయ్యాక కొన్నాళ్లకే మొదలవుతుంది. ఉద్యోగం రెండేళ్లు ఆలస్యమైతే దాళ్వా పంట మీద, కొబ్బరి దింపు మీద వచ్చేదానితో ఆ వాయిదా కట్టగలరో లేదో పొలం కాగితాలు తీసే ముందే లెక్కేసుకోండి.