బడిని చూసి ఇల్లు చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు మూడో ముక్క ఎందుకు వదిలేశారో నాకు 2023 ఎండాకాలంలో అర్థమైంది. వాళ్ల కాలంలో ఒకటో తరగతి అడ్మిషన్ అనే గండం లేదు. పిల్లగాడి కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పితే ఎడమచెవి అందిందా, బడిలో కూర్చో. అందలేదా, వచ్చే ఏడు రా. ఇప్పుడు అందాల్సింది పిల్ల చెవి కాదు, తండ్రి జీతం.

ఆ ఏడాదే నాకు మంచిర్యాల నుంచి హనుమకొండకు బదిలీ అయింది. బదిలీ అయినవాడు మామూలుగా ఏం చూస్తాడు? ఆఫీసు ఎంత దూరం, నల్లా రోజూ వస్తదా, కోతుల బెడద ఎంత, ఓనరు పై అంతస్తులోనే ఉంటాడా. నేనూ అవే చూసుకుని ఊరుకునేవాణ్ణి, మధ్యలో మా బామ్మర్ది ఫోన్ చేయకపోతే. అతను టెక్సాస్‌లో డల్లాస్ పక్కన ఉంటాడు, అప్పుడే కొత్తగా ఇల్లు కొన్నాడు, కొత్తగా ఇల్లు కొన్నవాడికి సలహాలు ఊరికే ఊరుతుంటాయి. "బావా, ముందు ఇల్లు చూడకు. ముందు బడి చూడు. ఆ బడి హద్దు ఏ గల్లీ దాకా ఉంటదో చూడు. ఆ హద్దు లోపలనే ఇల్లు తీసుకో. ఇక్కడ మేమందరం అట్లనే చేస్తం" అన్నాడు. అక్కడ బడులకు పదికి ఇన్ని అని మార్కులు వేసే వెబ్‌సైట్లు ఉంటాయట. చాలా ఊళ్లలో ఇంటి అడ్రసును బట్టే పిల్లలకు బడి రాసి ఉంటుందట. అందుకని తొమ్మిది మార్కుల బడి హద్దులో ఇంటికి ఒక ధర, సడక్ దాటితే ఆరు మార్కుల బడి హద్దు కాబట్టి అదే ఇంటికి ఇంకో ధర.

సూత్రం గొప్పది. గొప్ప సూత్రాన్ని దేశం మార్చి వాడేటప్పుడు ఒక చిన్న ప్రశ్న అడగాల్సింది, నేను అడగలేదు, ఆ సంగతి తర్వాత చెప్తా.

నాలుగు ఆదివారాలు రైలెక్కి కాజీపేటలో దిగి, బ్రోకరన్న బండి వెనక కూర్చుని సుబేదారి, నక్కలగుట్ట, బాలసముద్రం, వడ్డేపల్లి అన్నీ తిరిగాను. మనకు రేటింగులు లేకపోతేనేం, హోర్డింగులు ఉన్నాయి. ఏ చౌరస్తాలో ఎన్ని ర్యాంకుల ఫొటోలున్నాయో చూస్తే ఆ ఏరియా చదువు ఏపాటిదో తెలిసిపోతుంది. ఆ ఫొటోల్లో ఉన్నదంతా ఇంటరు పిల్లలే, మా బిడ్డకేమో అప్పటికి బూటు లేసు కట్టుకోవడం కూడా రాదు, అయినా ఆమె ఐఐటీ ఫౌండేషన్ ఏ వార్డులో పడాలో నేను ఎండలో నిలబడి తేలుస్తున్నా. "విద్యారణ్యపురి అయితే పేరుల్నే విద్య ఉన్నది సార్, కిరాయి రెండు వేలు ఎక్కువ" అన్నాడు బ్రోకరన్న. నవ్వుతూ అన్నాడనుకుని నేనూ నవ్వాను. అతను నవ్వలేదు.

ఇట్లా గాలికి తిరిగితే లాభం లేదని నోటుబుక్కులో షరతులు రాసుకున్నా. పిల్ల నడిచిపోయేంత దూరం. ఉరకడానికి మట్టి నేల. తరగతికి ముప్పై మంది దాటొద్దు. చెప్పేవాళ్లకు చెప్పడం నేర్చుకున్న చదువు ఉండాలి. తెలుగు రాయడం, చదవడం రావాలి. రాసింది చూపిస్తే మా ఆవిడ తలూపి, కింద తన చేతిరాతతో ఆరోది చేర్చింది: "ఎవరన్నా అడిగితే పేరు చెప్పుకునేట్టు ఉండాలి." తర్వాత జరిగిన కథంతా ఆ ఆరో షరతు నడిపించింది, మిగతా ఐదూ బుక్కులోనే క్షేమంగా ఉన్నాయి.

చివరికి ఒక బడి నచ్చింది. పిల్లను ఇంటర్వ్యూకు ఎప్పుడు తీసుకురావాలని అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి నొచ్చుకుంది. "ఇంటర్వ్యూ కాదు సార్, ఇంటరాక్షన్." విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, బడిలో చేర్చుకోవడానికి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదని అందులో 13వ సెక్షన్ చెప్తుంది. కాబట్టి వాళ్లు పరీక్ష పెట్టలేదు. నన్ను డిగ్రీలో ఎంత శాతమని, మా ఆవిడను ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడతారా అని ఇంటరాక్ట్ అయ్యారు, అంతే. మా ఆవిడ "యెస్ మేడమ్" అంది, అది ఆ ఏడాది మా ఇంట్లో మాట్లాడిన మొదటి ఇంగ్లిష్ వాక్యం. మీ నాన్న ఏం చేస్తారని పిల్లను అడిగితే "ఫోన్ చూస్తడు" అని చెప్పింది. ఆ ఒక్క జవాబుకూ ఆమెకు నూటికి నూరు వేయాలి.

తెలుగు చెప్తారా అని కూడా అడిగాను. "తప్పకుండా సార్, 2018లో చట్టమే చేశారు కదా, తెలుగు కంపల్సరీ. కాకపోతే క్యాంపస్‌లో మాట్లాడితే మాత్రం ఊరుకోం." క్యాంపస్ అంటే మూడంతస్తుల బిల్డింగు. గ్రౌండ్ ఎక్కడ మేడమ్ అంటే వేరే బ్రాంచ్ బ్రోచర్ తీసి పచ్చటి గడ్డి ఫొటో చూపించారు.

బడి ఖాయం కాగానే దానికి ఆరువందల మీటర్ల దూరంలో, హంటర్ రోడ్డు పక్క కాలనీలో ఇల్లు తీసుకున్నాం. ఈశాన్యం చూసుకున్నాం, ఆషాఢం రాకముందే పాలు పొంగించాం. అన్నీ చూసినవాళ్లం, వాననీళ్లు పారే నాలా ఒక్కటి ఎక్కడుందో చూడలేదు. ఆ జులై చివర్లో కురిసిన వానలకు నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగినప్పుడు మా మెట్ల మీద మూడో మెట్టు దాకా నీళ్లొచ్చి నిలబడ్డాయి. ఓనరు పై నుంచి తొంగిచూసి "2020లో అయితే ఐదో మెట్టు దాకా వచ్చినయి సార్, ఈసారి నయం" అన్నాడు. ఆయన కూడా రేటింగులు ఇచ్చేవాడేనన్నమాట. బడి నుంచి మెసేజ్ వచ్చింది, సెలవు, ఆన్‌లైన్ క్లాసులు యథావిధిగా ఉంటాయని. కరెంటు లేదు కాబట్టి పిల్ల బతికిపోయింది.

ఆరువందల మీటర్లేగా, నడిపించుకుపోదామనుకున్నా. మధ్యలో మెయిన్ రోడ్డు, నడవడానికి పక్కన జాగ లేదు, పైగా మొదటిరోజు పిల్లను నడిపించుకుని గేటు దాకా పోతే వాచ్‌మన్ "వ్యాన్ మిస్సయిందా సార్" అని జాలిగా అడిగాడు. రెండో రోజు నుంచి వ్యాన్. అది మా ఇంటి నుంచి బయలుదేరి, మొత్తం ఊరికి ప్రదక్షిణం చేసి, నలభై నిమిషాలకు ఆరువందల మీటర్లు చేరుస్తుంది. అంటే బడి దగ్గరుందని నేను కట్టే కిరాయి వేరు, బడికి పోవడానికి కట్టే వ్యాన్ ఫీజు వేరు.

ఒకరోజు పిల్ల బ్యాగు తగిలించుకుని మెట్ల మీద వెనక్కి వాలిపోతే అనుమానమొచ్చి, దాన్ని గల్లీ చివర కిరాణా కొట్టుకు తీసుకుపోయి తక్కెడ మీద పెట్టించా. కొట్టాయన పప్పు తూచే శ్రద్ధతో చూసి, "నాలుగు కిలోల ఆరువందలు సార్. తరుగు తియ్యాల్నా?" అన్నాడు. ఒకటి, రెండు తరగతుల బ్యాగు కిలోన్నర దాటొద్దని మన రాష్ట్ర ప్రభుత్వం 2017లోనే ఉత్తర్వు ఇచ్చింది. మా బిడ్డ బరువు పదిహేడు కిలోలు. మంచినీళ్ల సీసా తీసి మళ్లీ తూయించా, అయినా మూడు కిలోల పైనే. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఈ లెక్క పెడితే ఒకాయన వెంటనే "మావాడిది ఐదు కిలోలు, వాళ్లది ఒలింపియాడ్ సెక్షన్" అని పెట్టాడు. నాకు కొంచెం చిన్నతనమనిపించింది, నిజం చెప్పాలంటే.

ఇంకో రాత్రి ప్రాజెక్ట్ వర్క్. వేయిస్తంభాల గుడి మోడల్, పొద్దున్నే తేవాలి. 1163లో రుద్రదేవుడు రాతితో కట్టించినదాన్ని మేము ఒక్క రాత్రిలో థర్మాకోల్‌తో కట్టాం, ఆయనకు ఫెవికాల్ లేదు కాబట్టి పోల్చడం న్యాయం కాదు. పదకొండు గంటలకు పిల్ల నిద్రపోయింది, ఒంటిగంటకు ముప్పై ఎనిమిదో స్తంభం దగ్గర మా ఆవిడ కూడా చేతులెత్తేసింది. అసలు గుడి మా ఇంటికి బండి మీద పది నిమిషాలు. ఆ ఏడాదంతా పిల్లను అక్కడికి తీసుకుపోలేదు. ఆదివారం ట్యూషన్.

మధ్యలో ఒక సంగతి చెప్పడం మరిచా. మేం దిగిన జూన్‌లోనే ఒకరోజు ఒక సారు, ఒక మేడమ్ చేతిలో కరపత్రాలతో గేటు తట్టారు. బడిబాట. మా గల్లీ చివర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉందనీ, అంతకుముందు ఏడాది నుంచే ఇంగ్లిష్ మీడియం కూడా పెట్టారనీ, పాపను చేర్చమనీ అడిగారు. నేను మా బడి కోసం నాలుగు వారాలు తిరిగితే, ఈ బడేమో తానే లేచి మా ఇంటికొచ్చింది. నాకెందుకో అదే నచ్చలేదు. వాళ్లకు మంచినీళ్లిచ్చి, చేర్పించేశాం సార్ అన్నా. ఎక్కడ అని అడగలేదాయన, ఇట్లాంటి ఇళ్లు చాలా చూసిన ముఖం. మా అమ్మ మాత్రం ఉండబట్టలేక "ఇంటి కాడ బడి ఉండంగ వ్యాన్ ఎందుకు కొడుకా" అంది. నీకు తెల్వదు అమ్మా అన్నా. ఆమెకు తెలియనిదేమిటో నాకూ తెలియదు.

తర్వాత ఎప్పుడో పాత నోటుబుక్కు బయటపడితే తీరిగ్గా చదివా. నడిచిపోయే దూరం, ఉంది, నూట యాభై అడుగులేస్తే గేటు. మట్టి నేల ఉంది, దానికి తోడు రెండు వేపచెట్లు. తరగతికి ముప్పై కాదు కదా, పన్నెండుమంది కూడా లేరు. టీచర్లు డీఎస్సీ కొట్టినవాళ్లు. తెలుగు నిక్షేపంగా చెప్తారు. లోపాలు లేవని కాదు, ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు, అందులో ఒకరికి ఎలక్షన్ డ్యూటీయో ట్రైనింగో పడితే రెండో ఆయన ఐదు తరగతుల్నీ ఒకే వరండాలో కూర్చోబెట్టి నెట్టుకొస్తాడు. అది చిన్న లోపం కాదు. కానీ నేను దాన్ని కాదనుకున్నది ఆ లోపం చూసి కాదు, అసలు లోపలికి తొంగిచూస్తే కదా.

పోయిన సంక్రాంతికి మా అత్తమ్మ మా ఇంట్లోనే ఉంది. అందరం సకినాలు తింటూ వీడియో కాల్‌లో బామ్మర్ది కొత్త ఇల్లు, బడి చూస్తున్నాం. పెద్ద గ్రౌండు, పసుపు రంగు బస్సు. "ఎంత కడ్తున్నవు బిడ్డా ఏడాదికి?" అంది అత్తమ్మ. "ఫీజు ఏముండదమ్మా, అది గవర్నమెంట్ బడే. మనం కట్టే ఇంటి పన్నుతోని నడుస్తది." అత్తమ్మ చేతిలో సకినం ఆగిపోయింది. "ఏడు సముద్రాలు దాటిపోయి పిల్లలను సర్కారు బడిల ఏసిండా వీడు?" అని నా దిక్కు చూసింది. ఫోన్ పెట్టాక మెల్లగా చెప్పింది, ఈ సంగతి మీ వాళ్లకు చెప్పకు అల్లుడూ, బాగుండదని.

నేను అడగాల్సిన చిన్న ప్రశ్న అదే.

ఇప్పుడు మా బడి నుంచి సర్క్యులర్ వచ్చింది. మెరుగైన సదుపాయాల దృష్ట్యా బ్రాంచ్‌ను వచ్చే జూన్ నుంచి హసన్‌పర్తి వైపు మారుస్తున్నారు, వ్యాన్ ఫీజు కూడా దానికి తగ్గట్టే మారుతుంది. బిల్డింగు లీజు అయిపోయిందని కొట్టాయన చెప్పాడు. బడిని చూసి ఇల్లు తీసుకుంటే, బడే ఇల్లు మార్చింది. సూత్రం సూత్రమే కాబట్టి మేమూ మారాలి, మా ఆవిడ అప్పుడే భీమారం వైపు టు-లెట్ బోర్డులు ఫొటోలు తీసుకొచ్చింది.

పిల్లకు చెప్తే ఒక్కటే అడిగింది. "అక్కడ కూడా సర్కారు బడి ఉంటదా డాడీ? ఆడుకోవడానికి." రోజూ సాయంత్రం గల్లీ చివర ఆ వేపచెట్ల కిందే కదా, ఖోఖో అక్కడే నేర్చుకుంది, వాళ్ల బడిలో లిఫ్ట్ ఉంది గానీ ఉరకడానికి జాగ లేదు.

బ్రోకరన్నకు ఫోన్ చేసి ఈ కండిషన్ కూడా చెప్పా. అతను తెగ సంబరపడ్డాడు. "సర్కారు బడి పక్కనైతే ఎన్నైనా ఉన్నయి సార్! కిరాయి కూడా తక్కువనే."