నీడలో కలిపేసిన ఇద్దరమ్మలు

ఐఫోన్‌లో ఇప్పుడు కుటుంబం అంటే ముఖాల్లేని నీడబొమ్మలు. 2024 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 17.4తో ఆపిల్ పాత ఫ్యామిలీ ఎమోజీలను ఇలా మార్చేసింది. ఎవరి ఇల్లూ ప్రత్యేకంగా కనబడకపోతే అందరినీ సమానంగా చూసినట్టే అంటున్నారు. నేను ఒప్పుకోను. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లల బొమ్మ తీసేస్తే అలాంటి కుటుంబాలకు పోయేదేమీ లేదు. వాళ్లు పాఠ్యపుస్తకంలో ఉన్నారు, సబ్బుల ప్రకటనల్లో ఉన్నారు, బీమా కంపెనీ హోర్డింగుల మీద ఉన్నారు. ఇద్దరమ్మల ఇంటికి, ఇద్దరు నాన్నల ఇంటికి ఉన్నవే ఒకటీ అరా చోట్లు. అందులో ఒకటి పోయింది.

అది ఊరికే దొరికిన చోటు కూడా కాదు. 2015 ఏప్రిల్‌లో ఇద్దరమ్మల, ఇద్దరు నాన్నల కుటుంబాల బొమ్మలు ఐఫోన్ కీబోర్డులోకి వచ్చాయి. మరుసటి ఏడాదే ఇండొనేషియా ప్రభుత్వం ఇలాంటి ఎమోజీలు, స్టిక్కర్లు తీసేయమని మెసేజింగ్ యాప్‌లకు హుకుం జారీ చేసింది. లైన్ యాప్ తన స్టిక్కర్లను తీసేసింది కూడా. ఇంత చిన్న బొమ్మకు ఇంత రాద్ధాంతమా అనేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒక ప్రభుత్వానికే అది చిన్న విషయంగా అనిపించలేదు.

ఎమోజీల ప్రమాణాలు నిర్ణయించే యూనికోడ్ సంస్థ వాళ్ల వాదన తెలిసిందే. కుటుంబంలో ఒక్కొక్కరికీ చర్మపు రంగు ఎంచుకునే వీలిస్తే బొమ్మలు వేలల్లోకి పోతాయి, కీబోర్డు మోయలేదు. నీడబొమ్మలో ఎవరైనా తమను చూసుకోవచ్చు, మనవణ్ణి పెంచుతున్న అమ్మమ్మ కూడా. లెక్క నిజమే, అమ్మమ్మ మాటా నిజమే. నీడబొమ్మలు రావాల్సిందే. అయితే వాటిని పాతవాటి పక్కన పెట్టొచ్చు కదా? అందరికీ రంగులు ఇవ్వలేం కాబట్టి ఎవరికీ ముఖం ఉండదు అనడం పరిష్కారం ఎలా అవుతుంది?

అసలు ఆ బొమ్మ తయారయ్యే తీరు చూస్తే నాకు ఇంకో విషయం తట్టింది. ఇద్దరమ్మలు, ఒక పాప అనే ఎమోజీకి విడిగా ఒక కోడ్ లేదు. ఒక స్త్రీ, మరో స్త్రీ, ఒక పాప: ఈ మూడు బొమ్మల మధ్య కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. జీరో విడ్త్ జాయినర్ అంటారు. అది పక్కపక్కన ఉన్నవాటిని ఒకటిగా చూపించమని ఫోనుకు చెబుతుంది. తెలుగు టైప్ చేసేవాళ్లకు దీని తోబుట్టువుతో రోజూ పనే. ‘ఫోన్‌లో’ అని రాసేటప్పుడు ల ఒత్తుగా మారకుండా ఆపేది అదే. అది విడదీస్తుంది, ఇది కలుపుతుంది. ఆ జాయినర్‌ను అర్థం చేసుకోలేని పాత ఫోనుకు ఈ ఎమోజీ పంపితే ముగ్గురూ విడివిడిగా కనిపిస్తారు. ఒక ఆడమనిషి, ఇంకో ఆడమనిషి, ఎవరో పాప.

మన చట్టం అచ్చం ఆ పాత ఫోనే.

చెన్నైలో, పెరంబూరు వైపు, నాకు తెలిసిన ఒక తెలుగు ఇల్లుంది. ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఒక పాపను పెంచుతున్నారు. దత్తత కాగితం మీద ఒకరి పేరే ఉంది, ఎందుకంటే ఒంటరి మహిళగానే ఆమెకు అర్హత. జంటగా దత్తత తీసుకోవాలంటే కనీసం రెండేళ్ల వైవాహిక జీవితం ఉండాలని 2022 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పెళ్లికే వీల్లేనివాళ్లు ఆ రెండేళ్లు ఎక్కడి నుంచి తేవాలి? రెండో ఆమెను పాప ఇంట్లో మమ్మీ అంటుంది, గడప దాటితే పిన్ని అంటుంది. అలా అనమని వాళ్లే నేర్పారు. స్కూల్లో పాపను తీసుకెళ్లేవారి కార్డు మీద ఆమె ఫొటో కింద ‘పిన్ని’ అనే రాసి ఉంది. పాపకు రాత్రిపూట జ్వరం వస్తే ఆసుపత్రికి ఇద్దరూ వెళ్తారు, సంతకం ఒకరే పెట్టాలి. ఆ ఒక్కరూ ఊళ్లో లేని రోజు ఆ ఇంట్లో ఉండే టెన్షన్ వేరు.

2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వలేమంది. ఆ దత్తత నిబంధన కూడా 3:2 తేడాతో నిలిచింది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ పోయాయి. వెలుతురు కాస్త కనబడింది ఇక్కడే, మద్రాసు హైకోర్టులో. ఇంట్లోవాళ్లు బలవంతంగా తీసుకెళ్లిన ఒక యువతి కేసులో, 2025 మేలో, జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్, జస్టిస్ వి. లక్ష్మీనారాయణన్ ధర్మాసనం ఆమెకు తన స్నేహితురాలితో వెళ్లే స్వేచ్ఛ ఉందని తేల్చింది. కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదని, తాము ఎంచుకున్నవారితోనూ కుటుంబం అవుతుందని స్పష్టంగా చెప్పింది.

అంత స్పష్టంగా చెప్పిన మాట స్కూలు దరఖాస్తు దాకా ఎందుకు దిగి రాదు? తండ్రి పేరు, తల్లి పేరు అన్న గళ్ల చోట సంరక్షకులు ఒకరు, ఇద్దరు అని అచ్చు వేయడానికి పార్లమెంటు అక్కర్లేదు. ఆపిల్ ఆ బొమ్మలకు ముఖాలు తిరిగి పెట్టడానికి సుప్రీంకోర్టు అక్కర్లేదు. దత్తత నిబంధన మాత్రం కేంద్రమే మార్చాలి. స్వలింగ భాగస్వాములను రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివాళ్లుగా లెక్కించమని 2024లో రాష్ట్రాలకు రాసింది ఆ కేంద్రమే. బియ్యం దగ్గర ఒకే ఇల్లయినవాళ్లు బిడ్డ దగ్గర ఎందుకు కారో అదే చెప్పాలి.